ఊరు – ఊర్ : ఒక పదసామ్యము, దాని విమర్శ

పరిశోధన విద్యార్థి యొకడు ఇటీవల నాకొక పదపట్టికను తెచ్చి చూపెను. ఎడమవైపున సుమేరు పదములు, కుడివైపున తెలుగు పదములు. పట్టిక శిరస్సున 'ఊర్ – ఊరు' అను జంట. దానినే సిద్ధాంతవ్యాసమునకు విషయముగ గ్రహింపదలచితి ననెను. ఇరువదియేండ్ల క్రిందట ఈ జంటనే నేనును తరగతిలో నిస్సంశయముగ బోధించి యుంటిని. కావున ఆతనికి సమాధానము చెప్పుటకు ముందు నా మాటను నేను దిద్దుకొనవలసి యున్నది.

ఈ ఊహ నిన్నటిది కాదు. సమీపప్రాచ్య ప్రాచీనచరిత్రను రచించిన హెచ్. ఆర్. హాల్ 1913లోనే సుమేరు శిల్పముల ముఖరేఖలు దక్షిణ భారతీయులను తలపించునని వ్రాసెను. 1924లో మొహెంజొదారో వార్త వెలువడగానే ఆ నాగరికతకు 'ఇండో-సుమేరీయ' మను పేరు కొంతకాలము చెల్లినది. 1965లో సింహళదేశపు తమిళపండితుడు ఆ. సదాశివము సుమేరు భాషయే ద్రావిడభాష యని వాదించెను. ముఖరేఖలు భాషకు సాక్ష్యము కానేరవు. హాల్ వాదమును గూర్చి ఇంతకుమించి చెప్పనక్కరలేదు.

పదసామ్యము సంగతి వేరు. దానిని నిదానించి చూడవలెను. తమిళ కన్నడములలో 'ఊర్', 'ఊరు' అను రూపములుండుటచే మన 'ఊరు' మూలద్రావిడ పద మనుటకు సందేహము లేదు. సుమేరులో నగరవాచకమును పండితులు 'ఇరి' యనియు 'ఉరు' అనియు చదువుచున్నారు. అయితే లియొనార్డ్ వూలీ 1922 నుండి 1934 వరకు త్రవ్వించిన ప్రసిద్ధనగరము పేరు సుమేరులో 'ఊర్' కాదు, 'ఉరిమ్'. మనకు పరిచితమైన పొట్టిరూపము అక్కదీయ, బైబిలు సంప్రదాయముల ద్వారా వచ్చినది. అనగా మన పట్టికలో ఒక సామాన్యనామమును, ఒక విశేషనామపు ఉత్తరకాల రూపమును ఒక్కటిగ కుట్టి, వాటికి తెలుగు ముడి వేసితిమి.

ఇట్టి ప్రమాదమునకు దూరదేశములు పోనక్కరలేదు. నేను హైదర్‌గూడ నుండి నారాయణగూడ మీదుగ చిక్కడపల్లి గ్రంథాలయమునకు నడచి పోవుదును. 'హైదర్' అరబ్బీ పేరు. 'గూడ' మన గూడెము. 'పల్లి' ద్రావిడము; పక్కనున్న అశోక్ నగర్‌లోని 'నగర్' సంస్కృతము. అరగంట నడకలో ఇన్ని పొరలు! నగరమున మరియొక దిక్కున మియాపూర్ కలదు. చెవికి అందులోను 'ఊర్' వినబడును గాని అది సంస్కృత 'పురము' హిందూస్తానీ నోట మారిన రూపము. గుంటూరులోని 'ఊరు'తో దానికి సంబంధము లేదు. మన కనులముందున్న పేర్లలోనే చెవి మోసపోవుచుండగా ఐదువేలయేండ్లనాటి మృత్ఫలకముల విషయమున దానిని నమ్ముట ఎట్లు?

పదములకంటె వ్యాకరణము బలవత్తరమైన సాక్షి. సుమేరు రాజుల శాసనములలో తరచుగ కనబడు క్రియారూపము 'ము-న-న్-డు'. 'ఆతనికొరకు కట్టెను' అని యర్థము. ఇందు 'డు' ధాతువు. ఎవరికొరకు, ఎవరు అను సంగతులన్నియు ధాతువునకు ముందే నిలిచినవి. మన 'కట్టించెను' చూడుడు: ధాతువు ముందు, ప్రేరణము, కాలము, పురుషము దాని వెనుక. ప్రత్యయములను ధాతువునకు వెనుకనే చేర్చుట ద్రావిడభాషల కెల్ల ప్రాణప్రదమైన లక్షణము. రెండును ప్రత్యయములను అతికించు భాషలే యను వాదము చాలదు, తుర్కీభాషయు అట్టిదే.

పై మాటలవలన సుమేరుతో భారతదేశమునకు పొత్తే లేదని భ్రమపడరాదు. మెలుహ్హ నౌకలు తన రేవున నిలిచినవని అక్కద రాజు సార్గోను చెప్పుకొనెను. మెలుహ్హ సింధుప్రాంతమని పలువురి మతము. ఊర్ రాజసమాధులలో సింధుదేశపు కెంపురాతి పూసలు దొరకినవి. అక్కద కాలపు ముద్ర యొకటి షు-ఇలిషు అనువానిని మెలుహ్హ భాషకు దుబాసి యని పేర్కొనుచున్నది. దుబాసి యుండుట బంధుత్వాభావమునకు నిర్ణాయకము కాదు. తెలుగు తమిళులకును దుబాసి కావలసినదే గదా! వర్తకముతో పదములు ప్రయాణించుటయు సహజమే. నువ్వులనూనెకు అక్కదీయమున వాడిన 'ఎల్లు' పదమును ద్రావిడ 'ఎళ్' నుండి వచ్చినదిగ కొందరు తలచిరి. అది నిజమైనను ఎరువుమాటయే గాని చుట్టరికము కాదు. పైగా 'ఎళ్' తమిళ కన్నడములలోనిది, మనకున్నది 'నువ్వు'.

తెలుగుశాఖలు సుమేరునుండి గ్రహింపదగిన సంగతి వేరొకటి కలదు. క్రీ.పూ. 3300 ప్రాంతమున ఉరుక్ నగరమున లిపి పుట్టినపుడు దానితో వ్రాసినవి అధికభాగము ధాన్యము, పశువులు, కూలిపని లెక్కలే. ఆ మొదటి ఫలకములలోనే పదపట్టికలును కలవు. క్రీ.పూ. 2000 తరువాత సుమేరు జనుల నోట నిలువలేదు. అయినను రెండువేల సంవత్సరములు పాఠశాలలలో బ్రదికినది. అక్కదీయ బాలకులు సుమేరు పదమును ఒకవైపు, తమ పదమును ఒకవైపు వ్రాసి వల్లించిరి. సంస్కృతము నడుమ పెరిగిన మన భాషకు ఈ స్థితి తెలియనిది కాదు.

ఆ పట్టికలలో పెద్దదియగు 'ఉర్ర-హుబుల్లు'న పదములు చెట్లు, కొయ్యసామానులు, పాత్రలు, పశువులు అను వర్గములుగ నున్నవి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమున దేవ, మానవ, స్థావర, తిర్యగ్వర్గులుగ విభజించెను. మనవాడు దేవతలతో ప్రారంభించెను. ఆ పట్టిక ప్రారంభించినది అప్పుతో. 'హుబుల్లు' అనగా వడ్డీకి తెచ్చిన ఋణము.

విద్యార్థికి ఈ రెండింటి వర్గక్రమమును పోల్చి చూడుమంటిని. పాతపట్టికను ఆతడు నాయొద్దనే విడిచిపోయెను.