యాభై డాలర్ల దస్తావేజు

“యాభై వేలియ్యి సారూ, రాయి నువ్వే ఎత్కపో.”

పోయిన చలికాలం ఓ పత్తిచేను గట్టు మీద ఒక రైతు నాతో అన్న మాట. వేళాకోళానికే అన్నాడు. ఆయన చేలో నడుమెత్తు శాసనం ఒకటుంది, కాకతీయుల నాటి అక్షరాలు. నల్లకోటు విప్పి గట్టున పెట్టి, రాయికి తడికాగితం అంటించి బ్రష్షుతో కొడుతున్న వకీలును చూస్తే ఎవరికైనా ఆ మాత్రం హాస్యం పుడుతుంది. నేనూ నవ్వేశాను. కానీ ఆ బేరం వినగానే 180 ఏళ్ల కిందటి మరో వకీలు గుర్తొచ్చాడు. ఆయన నవ్వి ఊరుకోలేదు, డబ్బు తీసి లెక్కపెట్టాడు.

ఆయన పేరు జాన్ లాయిడ్ స్టీఫెన్స్. 1805లో న్యూజెర్సీలో పుట్టి, న్యూయార్క్‌లో ప్రాక్టీసు పెట్టాడు. కేసుల మీద కన్నా ఎన్నికల సభల మీద మోజు ఎక్కువ. అరిచి అరిచి గొంతు పాడైతే, కొన్నాళ్లు దేశం విడిచి తిరిగి రమ్మన్నాడు డాక్టరు. 1834లో బయల్దేరినవాడు యూరప్‌తో ఆగలేదు. ఈజిప్టు చూశాడు. కైరో వర్తకుడి వేషం వేసుకుని పెట్రా శిథిలాల దాకా వెళ్లాడు. తిరిగొచ్చి రాసిన పుస్తకం బాగా అమ్ముడయ్యాక, ఇక ఆ మనిషికి వాయిదాల మీద ధ్యాస ఎక్కడ నిలుస్తుంది?

1839లో అమెరికా ప్రభుత్వం ఆయన్ని దౌత్య పని మీద మధ్య అమెరికాకు పంపింది. అక్కడ అంతర్యుద్ధం. పత్రాలు ఎవరి చేతికివ్వాలో తెలియదు, ఇద్దామంటే నిలకడైన ప్రభుత్వం దొరకదు. ఆ వెతుకులాట మధ్యలోనే ఆయన అసలు పని చేసుకున్నాడు. వెంట ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఉన్నాడు, వాస్తుశిల్పం చదివినవాడు. దారిలో కామోతాన్ అనే ఊళ్లో తాగి ఉన్న గ్రామాధికారి, సిపాయిలు వీళ్లని రాత్రికి రాత్రి నిర్బంధించారు. స్టీఫెన్స్ పై అధికారికి ఉత్తరం రాయించాడు, లక్క కరిగించాడు. ముద్ర వేద్దామంటే ముద్ర లేదు. జేబులోంచి కొత్త అర డాలరు నాణెం తీసి అద్దాడు. గద్ద బొమ్మ పడింది. ఆ రాత్రే విడిచిపెట్టారు. స్టాంపు పడిన కాగితానికి ఉండే మహిమ మా వృత్తిలో వాళ్లకి వేరే చెప్పాలా!

ఇప్పటి హోండురాస్‌లోని కోపాన్ చేరేసరికి చుట్టూ దట్టమైన అడవి. ముందు ఒక స్థానికుడు కత్తితో కొమ్మలు నరుకుతూ పోతుంటే వెనక వీళ్లు. ఆకుల చాటునుంచి నాలుగు పక్కలా చెక్కిన రాతి స్తంభం బయటపడింది. ముందు వైపు మనిషి ముఖం, రెండు పక్కలా ఏమిటో తెలియని గుర్తుల వరసలు. తర్వాత ఇంకోటి, ఆపైన ఇంకోటి.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ మర్నాటిది. కాథర్‌వుడ్ బొమ్మ వేయలేకపోయాడు. ఈజిప్టు గుళ్లు గీసిన చెయ్యి, జెరూసలేం మసీదు కొలతలు తీసిన చెయ్యి ఈ రాయి ముందు ఓడిపోయింది. దోమల బాధకు చేతికి తొడుగులు వేసుకుని, బురదలో కాళ్లు దిగబడి, చుట్టూ పనికిరాని కాగితాలు పడేసుకుని నిలబడి ఉన్నాడట. ఆయన దగ్గర కెమెరా లూసిడా అని చిన్న పట్టకం ఉంది. అందులోంచి చూస్తే ఎదుటి వస్తువు కాగితం మీద ఉన్నట్టే కనబడుతుంది, గీత వెంట పెన్సిలు నడిపితే చాలు. అదీ మొదట పని చేయలేదు. కంటికి అలవాటు లేని ఆకారాన్ని పట్టకం మాత్రం ఏం పట్టిస్తుంది? తర్వాత రోజుల్లో నెమ్మదిగా చెయ్యి దారికొచ్చింది. ఆయన గీసిన బొమ్మల్లో గుర్తులు ఎంత నిక్కంగా ఉన్నాయంటే, వాటిలో ఒక్కదాని అర్థం కూడా ఆయనకు తెలియకపోయినా, వందేళ్ల తర్వాతి పండితులు వాటిని చదువుకోగలిగారు.

ఈ ఓటమి నాకు తెలుసు. శాసనాలు చదవడం మొదలుపెట్టిన కొత్తలో కాగితం, మసి అక్కర్లేదనుకునేవాణ్ణి. కళ్లున్నాయి, నోటుబుక్కుంది. ఒకసారి ఓ శాసనంలో ఊరి పేరు మొదటి అక్షరాన్ని ‘వ’ అని చదివి, దాని మీద నాలుగు పేజీల వ్యాసం అల్లేశాను. రెండేళ్లకు అదే రాయికి సరిగ్గా అచ్చు తీస్తే అది ‘ప’. పాత లిపిలో ఆ రెండింటికీ తేడా వెంట్రుకవాసి. నాకు కావలసిన ఊరు ‘వ’తో మొదలవుతుంది గనుక కన్ను ‘వ’నే చూసింది. కాగితానికి అలాంటి కోరికలుండవు. రాయి కడిగి, తడికాగితం పరిచి, గాలిబుడగ లేకుండా బ్రష్షుతో కొడితే అది అక్షరపు గాడిలోకి తనే దిగుతుంది. ఆరీ ఆరకముందు గుడ్డ ఉండతో మసి అద్దితే, నల్లటి నేల మీద అక్షరం తెల్లగా లేస్తుంది. జూనియర్‌గా ఉన్నప్పుడు మా సీనియర్ గారు ఫైలు మూసి అడిగేవారు: “ఇది సాక్షి చెప్పాడా, నువ్వు చెప్పించావా?” ఆ ప్రశ్న కోర్టులో కన్నా చేలగట్ల మీదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

స్టీఫెన్స్ కూడా తనను తాను అదే అడిగి ఉంటాడని నా నమ్మకం. ఆ శిథిలాల గురించి అప్పటికే చాలామంది చాలా చెప్పారు. ఈజిప్టు వాళ్లు కట్టారన్నారు, ఇజ్రాయెల్‌లో తప్పిపోయిన తెగలన్నారు. అక్కడి ఆదివాసులు కట్టారని మాత్రం తెల్లవాళ్లలో ఒప్పుకున్నవాళ్లు తక్కువ. స్టీఫెన్స్ 1841లో అచ్చయిన పుస్తకం చివర్లో ఈ వ్యాజ్యం విచారణకు పెట్టాడు. ఈజిప్టు పిరమిడ్లు నేను చూశాను, అవి పిరమిడ్లుగానే పూర్తయిన కట్టడాలు, ఇక్కడివి పైన భవనాన్ని మోసే అరుగులు అన్నాడు. మన గుహాలయాల ప్రస్తావన కూడా తెచ్చి, అలా కొండను తొలిచిన గుళ్లు ఇక్కడ లేవు గనుక హిందువుల పనీ కాదన్నాడు. గుమ్మాల పైన చెక్కదూలాలు ఇంకా నిలిచి ఉన్నాయి కాబట్టి వేల ఏళ్ల నాటివని ఊరికే అనలేం. ఆ నేలలో చెట్లు ఎంత తొందరగా పెరుగుతాయో చూశాం కాబట్టి చెట్టు లావు సాక్ష్యం కాదు. దండెత్తి వచ్చిన స్పెయిన్ వాళ్లే ఇలాంటి కట్టడాల్లో జనం ఉండగా చూశామని రాసుకున్నారు. తీర్పు ఏమిటంటే, వీటిని కట్టినవాళ్లు ఎక్కడినుంచో రాలేదు, ఆ నేల మనుషుల పూర్వీకులే. రాతి మీది గుర్తులు వాళ్ల చరిత్రే అయి ఉంటుందని కూడా ఊహించాడు. సోవియట్ పండితుడు యూరీ క్నోరోజోవ్ 1952లో ఆ లిపికి దారి తెరిచాడు. 1960లో తాత్యానా ప్రోస్కూరియాకోవ్ అలాంటి శిలల మీద ఉన్నవి రాజుల పుట్టుకలు, పట్టాభిషేకాలు అని తేల్చింది. న్యూయార్క్ వకీలు కేసు నెగ్గడానికి నూరేళ్లు దాటింది. మన సివిల్ కోర్టులతో పోలిస్తే మరీ ఆలస్యమేమీ కాదు.

ఇంత నిక్కచ్చిగా వారసుల్ని నిరూపించినవాడు, కోపాన్‌లో బేరానికి దిగినప్పుడు ఆ వారసుల మాటే తలవలేదు. నాకు మింగుడుపడనిది ఇది. ఆ భూమి డాన్ హోసే మారియా అనే ఆయన చేతిలో ఉంది. ఏడాదికి 80 డాలర్లు కట్టే కౌలుదారు. స్టీఫెన్స్ ఆయన్ని ఒప్పించడానికి పెట్టె తెరిచి, పెద్దపెద్ద గద్ద బొత్తాలున్న దౌత్యవేత్త కోటు తొడుక్కున్నాడు. కింద మోకాళ్ల దాకా బురద పట్టిన ప్యాంటు, నెత్తిన వానకు తడిసిన టోపీ. ఆ అవతారం గురించి తనే నవ్వుతూ రాసుకున్నాడు. బేరం 50 డాలర్లకు కుదిరింది, ఒక మహానగరం మొత్తానికి! ఆ దస్తావేజులో చెక్కుబందీ ఎలా రాశారో చూడాలని నాకెంతో కోరిక. తూర్పున నది, మిగిలిన మూడు దిక్కులా కోతులు అని తప్ప ఏం రాయగలరు? కౌలుదారు తనకు లేని హక్కును ఎలా అమ్మాడని ఏ మొదటేడాది లా విద్యార్థైనా అడుగుతాడు. స్టీఫెన్స్‌కు ఆ ప్రశ్న తట్టలేదంటే నేను నమ్మను.

ఆ విగ్రహాల్ని న్యూయార్క్ చేర్చి, వాటితో ఒక మ్యూజియం పెట్టాలని ఆయన కల. నదిలో దాటరాని వడి ప్రవాహాలు అడ్డం రావడంతో రాళ్లు కదల్లేదు. ఆ తర్వాత పాలెంకే శిథిలాల్ని కొందామనుకుంటే, పరదేశి భూమి కొనాలంటే అక్కడి పిల్లను పెళ్లాడి ఉండాలన్నారు. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరున్నారో కూడా ఆలోచించానని సరదాగా రాశాడు గానీ, బ్రహ్మచారిగానే తిరిగొచ్చాడు. మన అమరావతి ఫలకాలకు అలాంటి అడ్డంకులేవీ దొరకలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు మీదుగా లండన్ చేరి అక్కడే ఉన్నాయి.

రెండో ప్రయాణంలో మాత్రం స్టీఫెన్స్ ఉష్మాల్ నుంచి చెక్కిన కొయ్య దూలాన్ని, మరికొన్ని శిల్పాల్ని న్యూయార్క్ తేగలిగాడు. కాథర్‌వుడ్ నడిపే ప్రదర్శనశాలలో పెట్టారు. 1842 జూలైలో అది తగలబడింది. కొయ్య దూలం, దాని మీది అక్షరాలు ఒక్క రాత్రిలో బూడిద. అడవిలో వానకు తడుస్తూ నిలిచిన కోపాన్ స్తంభాలు ఇవాళా చూడ్డానికి ఉన్నాయి. స్టీఫెన్స్ తర్వాత పనామాలో రైలుదారి వేయించే కంపెనీకి పెద్ద అయ్యాడు. అక్కడి జ్వరాలు పట్టుకుని, ఆ దారి పూర్తి కాకముందే 1852లో పోయాడు. రెండేళ్లకు కాథర్‌వుడ్ అట్లాంటిక్‌లో ఓడతో పాటు మునిగిపోయాడు.

పత్తిచేలో నా అచ్చు ఆరేసరికి మధ్యాహ్నం దాటింది. కాగితం నెమ్మదిగా ఊడదీసి గట్టు మీద పరిచాను. రైతు చేతులు తుడుచుకుని వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

“ఏమున్నది సారూ అండ్ల?”

చదివాను. చెరువు కింద భూమి దానం ఇచ్చారు, ఫలానా పొలిమేర, ఫలానా తూము. ఊరి పేరు వచ్చేసరికి వేలు పెట్టి చూపించాను. కొంచెం పాత రూపు, అయినా వాళ్ల ఊరే. ఆయన ఆ అక్షరాల మీద వేలు ఆనించబోయి, మసి అంటుతుందని వెనక్కి తీసుకున్నాడు. కాసేపు చెరువు వైపు చూశాడు.

“ఇంకో కాయితం తీస్తవా నాకు? పక్కోడు తూము కాడ మూడు గుంటలు జరిగిండు. తాసిల్ ఆఫీసుల ఇది నడుస్తదా?”

నల్లకోటు వైపు చూశాను. నడవదని నాకు తెలుసు. సంచిలో ఇంకా రెండు కాగితాలున్నాయి. ఒకటి తీసి నీళ్లలో ముంచాను.