రోటర్ రెక్కల స్వల్పభేదాలు: వైట్‌హెడ్ సూత్రం – విమర్శనాత్మక పరిశీలన

1. ప్రస్తావన

టర్బైన్ రోటరులోని ఒక వరుస రెక్కలన్నీ నమూనా పటంలో ఒక్కటే. తయారీలోను, వాడుకలోని అరుగుదలవల్లను వాటి మధ్య స్వల్పభేదాలు ఏర్పడి, ఒక్కొక్క రెక్క సహజ పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. దీనిని ఇంజనీర్లు ‘మిస్‌ట్యూనింగ్’ అంటారు. ఇంత చిన్న భేదమే ఒక రెక్క కంపన పరిమితిని కొన్ని రెట్లు పెంచి, లోహపు అలసటకు, చివరకు రెక్క విరగడానికి దారితీయవచ్చు. అందువల్ల దీనికి సంబంధించిన సిద్ధాంతాన్ని జాగ్రత్తగా చదవవలసి ఉంది.

2. సూత్రం – షరతులు

ఈ పెరుగుదలకు 1966లో డి. ఎస్. వైట్‌హెడ్ ఒక గరిష్ఠ హద్దును ప్రతిపాదించారు. రెక్కల సంఖ్య వర్గమూలానికి ఒకటి కలిపి సగం చేస్తే ఆ హద్దు వస్తుంది: 25 రెక్కలకు 3 రెట్లు, 100 రెక్కలకు 5.5 రెట్లు. ఇంత సులభమైన సూత్రాన్ని షరతులు విడిచి ఉదాహరించడం కూడా సులభమే. ఆ షరతులను 1998లో ఆయనే మళ్ళీ పరిశీలించారు. డంపింగ్ స్వల్పంగా ఉండాలి; భేదాల అమరికకూ, రెక్కల పరస్పర సంధానానికీ ప్రత్యేక సంబంధం కుదరాలి. అప్పుడే అదనపు కంపనం ఒకే రెక్కపై కేంద్రీకృతమవుతుంది. కనుక ఇది హద్దు మాత్రమే, అంచనా కాదు.

3. సూత్రం చెప్పనిది

భేదం పరిమాణానికి ఈ సూత్రంలో చోటు లేదు. భేదం పెరిగినకొద్దీ ముప్పు పెరుగుతుందని భావించడం సహజం. కాని తరువాతి పరిశోధనల ప్రకారం కంపనం తరచు స్వల్పభేదాల వద్దనే శిఖరాన్ని చేరి, ఆపై తగ్గుతుంది. భేదాలు మరీ ఎక్కువైతే ప్రతి రెక్కా దాదాపు ఒంటరిగా కంపిస్తుంది. పొరుగు రెక్కల శక్తి దానిని చేరదు. కాబట్టి కొలతలను కట్టుదిట్టం చేయడమొక్కటే రక్షణ కాదు. మిగిలిన కొద్దిపాటి భేదమే శిఖరానికి చేరువ కావచ్చు. పైగా, వాయుప్రవాహంవల్ల తనంత తానుగా పెరిగే ‘ఫ్లట్టర్’ విషయంలో భేదాలు మేలు చేస్తాయని 1982లో కజా, కీల్బ్ చూపారు. బలాత్కృత కంపనాల విషయంలో మాత్రం అవి మేలైనా, కీడైనా చేయవచ్చునన్నారు.

4. ముగింపు

దీనిని తెలుగులో ‘లోపం’ అనడం విచారణకు ముందే తీర్పు చెప్పడం. ‘స్వల్పభేదం’ అనడమే సముచితం. అయితే వైట్‌హెడ్ సూత్రానికి కాలం చెల్లలేదు. చక్రమూ రెక్కలూ ఏకఖండంగా ఉండే నేటి ‘బ్లిస్క్’లలో రెక్క మొదట ఘర్షణ లేదు, డంపింగ్ తక్కువ. ఆయన చెప్పిన మొదటి షరతుకు అవి దగ్గరగా ఉన్నాయి. సూత్రాన్ని షరతులతో కలిపి చదవవలసిన అవసరం అందుకే నేడు మరింత పెరిగింది.