మార్టిన్ లూథర్: వాది ప్రతివాదుల నడుమ

1842లో హేయర్ అనే మిషనరీ గుంటూరు చేరినప్పటి నుంచి మార్టిన్ లూథర్ (1483–1546) పేరు తెలుగునేలకు కొత్త కాదు. ఆయన శీలాన్ని గూర్చిన వివాదం మాత్రం ఆయన జీవించి ఉండగానే మొదలై నేటికీ తెగలేదు. అభిమానులకు ఆయన పోపు అధికారాన్ని ధిక్కరించిన ధీరుడు. విరోధులకు వ్రతభంగం చేసిన సన్యాసి, నోటిదురుసు మనిషి. ముస్లిం రచయితలు కొందరు ఈ వివాదంలోకి దిగి, మిషనరీలకు జవాబుగా కథోలికుల దూషణలనే ఏరుకొని ప్రయోగిస్తుంటారు. ఇది సులభమైన పనే గాని న్యాయమైన పని కాదు. ఒక జాతిపై గల ద్వేషం సైతం మనలను న్యాయం నుంచి తప్పించరాదని సూరా మాయిదా ఆదేశం. అందులో లూథర్‌కు మినహాయింపు లేదు.

హదీసు పండితులు ఉల్లేఖకుని యోగ్యతను పరీక్షించే జర్హ్, తాదీల్ పద్ధతి ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. 1549లో లూథర్ చరిత్ర ప్రకటించిన కోక్లేయుస్ ఆయనకు బద్ధవిరోధి. 1904లో డెనిఫ్లె మూలపత్రాలను శ్రమించి శోధించాడు గాని, తీర్పు ముందే రాసి పెట్టుకున్నాడు. ఇక ‘భోజన సంభాషణలు’ సంగతి మరీ విచిత్రం. లూథర్ ఇంట భోజనం చేసినవారు రాసుకున్న మాటలను ఔరిఫాబర్ తన ఇష్టానుసారం దిద్ది 1566లో, అంటే లూథర్ మరణించిన ఇరవై ఏళ్లకు, అచ్చు వేయించాడు. అభిమానులు చమత్కారాలను, విరోధులు బూతు మాటలను ఈ పుస్తకంలో నుంచే తీస్తారు. తమకు అనుకూలమైన చోట అది ప్రామాణికం, ప్రతికూలమైన చోట కాదు!

అయితే లూథర్ స్వయంగా రాసి అచ్చు వేయించిన వాటికి ఉల్లేఖకులతో పనే లేదు. 1525లో జర్మనీ రైతులు తిరగబడినప్పుడు ఆయన మొదట ప్రభువులను మందలించాడు; నెల తిరగకుండానే రైతులను నిర్దాక్షిణ్యంగా చంపవలసిందని రాశాడు. ఆ తిరుగుబాటులో లక్షమంది దాకా హతులైనారని సాధారణ అంచనా. 1523లో యూదులను దయతో చూడాలన్న మనిషే 1543లో వారి ప్రార్థనాలయాలను తగులబెట్టాలని, ఇళ్లు కూల్చాలని, గ్రంథాలు లాగుకోవాలని ప్రభువులకు సలహా ఇచ్చాడు.

దీనికి సమర్థకులు చెప్పే సమాధానం కాలధర్మం, వార్ధక్యం, రోగం. ఈ సమాధానం నిలవదు. అదే కాలంలో జ్యూరిచ్‌లో బుల్లింగర్ ఈ రాతలను నిరసించాడు. యూదుల పెద్ద యోజెల్ కోరిక మీద స్ట్రాస్‌బర్గ్ నగరసభ ఆ పుస్తకాన్ని అచ్చు వేయరాదని నిషేధించింది. కాలం అందరికీ ఒక్కటే కదా? 1946లో న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో నాజీ స్ట్రైకర్ తన రక్షణకు లూథర్ పేరు చెప్పుకున్నాడు. ఆ నేరాలను లూథర్‌కు అంటగట్టడం అన్యాయమే గాని, అమెరికా లూథరన్ సంఘం 1994లో ఆయన యూదద్వేష రచనలను బాహాటంగా త్రోసిపుచ్చటం ఊరికే జరిగింది కాదు.

హెస్సె ప్రభువు ఫిలిప్ రెండో వివాహం మన రచయితలకు మరీ ప్రీతిపాత్రమైన ఘట్టం. 1539లో లూథర్, మెలాంక్తన్, బూట్సెర్ దానికి రహస్యంగా అనుమతి ఇచ్చారు. బహుభార్యత్వాన్ని ఆక్షేపించే మిషనరీకి ఇది తగిన జవాబే కావచ్చు. కాని తప్పు రెండో పెళ్లిలో లేదు. 1540లో గుట్టు బయటపడినప్పుడు, అబద్ధమాడి అయినా కాదనవలసిందని లూథర్ సలహా ఇచ్చాడు. నికాహ్‌ను ప్రకటించాలని నేర్చుకున్నవారు వేలు పెట్టి చూపవలసిన చోటు అది.

అన్నిటికంటే ముస్లింలకు దగ్గరి విషయం 1542 నాటిది. బాసెల్ నగరంలో ఒపోరినుస్ లాటిన్ ఖుర్ఆన్ అచ్చు వేస్తుండగా నగరసభ ప్రతులను స్వాధీనం చేసుకొని అతణ్ణి నిర్బంధించింది. పుస్తకాన్ని వదలమని లూథర్ సభకు లేఖ రాశాడు. 1543లో అది వెలువడింది. దీన్ని ఆయన ఔదార్యంగా చెప్పేవారున్నారు. ఆ లేఖ చదివితే ఆ భ్రమ తొలగిపోతుంది. ఖుర్ఆన్‌ను బయటపెట్టటమే దానిని ఖండించే మార్గమని ఆయన వాదం. అదే ఏడు రికోల్డో రాసిన ఖండన గ్రంథాన్ని జర్మన్‌లోకి అనువదించాడు కూడా. తురుష్కుల నిరాడంబరత, క్రమశిక్షణ సన్యాసులను మించినవని 1530లో ఒప్పుకున్నాడు గాని, బాహ్యాచారంతో మోక్షం రాదని నిరూపించటానికే ఆ మెప్పును వాడుకున్నాడు.

లూథర్ అనువాదకులలో అసామాన్యుడు. 1522లో కొత్త నిబంధనను, 1534 నాటికి బైబిలు మొత్తాన్ని, బజారులో జనం మాట్లాడే జర్మన్ విని మరీ తెచ్చాడు. గ్రీకు, హీబ్రూ మూలాలను వదలలేదు. అదే మనిషి అరబీ ఒక్క ముక్క రాకుండా, 1143లో కెట్టన్ రాబర్ట్ చేసిన లాటిన్ అనువాదాన్నే ఖుర్ఆన్‌గా నమ్మాడు. అది ఆయతుల వెంట నడిచే అనువాదం కాదు, సారాంశం చెప్పి అలంకరించే అనువాదం. దాన్ని ప్రకటించిన బిబ్లియాండర్ అరబీ ప్రతులతో పోల్చి చూసే ప్రయత్నమన్నా చేశాడు. లూథర్ తన పీఠిక రాసి ఊరుకున్నాడు. 1550లో ఆ గ్రంథం మళ్లీ అచ్చయింది.