నమ్మకము, నిజము: జాషువ కవితలో ఒక విచారము

బిలాసపురపు రైల్వే కాలనీలో ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా, తెలుగు కుటుంబములు ఇరుగుపొరుగున కాపురమున్నవి. జాషువ ‘గబ్బిలము’ (1941) కథను హిందీలో వివరించుచుండగా పొరుగు మిత్రుడొకరు నన్ను అడిగినారు: “క్రైస్తవ కుటుంబమున పుట్టిన కవి తన మొరను శివునికి పంపుట యెందుకు? ఆయన దేనిని నిజమని నమ్మినట్లు?”

ప్రశ్న న్యాయమైనదే. “అన్ని మతములును ఒకటే” యని తప్పించుకొనుట మర్యాద కావచ్చును గాని సమాధానము కాదు.

ఆ కావ్యమున అస్పృశ్యునికి గుడి తలుపు మూసియున్నది, గబ్బిలమునకు తెరచియున్నది. అర్చకుడు దగ్గర లేని సమయము చూచి తన గోడు వినిపింపుమని అతడు దానిని వేడుకొనును. కల్పన కరుణామయమే అయినను దాని వెన్నెముక తర్కము. గబ్బిలమునకు లేని మైల మనిషికెట్లు వచ్చినది? శివుడున్నాడా యని కవి అడుగలేదు. శివుని నమ్మితిమనువారు ఆ నమ్మకమునకు కట్టుబడినారా యని, వారి భాషలోనే అడిగినాడు.

అంతమాత్రమున జాషువకు తనదైన విశ్వాసము లేదనరాదు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ‘క్రీస్తు చరిత్ర’లో ఆయన యేసు జీవితమును తెలుగు పద్యమున నిలిపినాడు. కథ ఒక మతమునకు చెందినది. పద్యము అందరి ఉమ్మడి ఆస్తి. ఆ గడప దాటి వచ్చిన అవిశ్వాసికి గబ్బిలము ప్రశ్ననే తిరిగి వేయు హక్కు కలదు: క్రీస్తును నమ్మినవారు కులమును విడిచినారా?

తెలుగున ‘నమ్మకస్తుడు’ అనగా నమ్మువాడు కాదు, నమ్మదగినవాడు. ఆ యోగ్యతను పరీక్షించుటయే బుద్ధి చేయు పని. 1960లో జాషువ కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణమును వివాహమాడినది. దేవుని విషయమున ఆ రెండు ఇండ్ల తీర్పులు వేరు; అంటరానితనము విషయమున ఒక్కటే.

అయితే ఒక హద్దు మరువరాదు. విశ్వాసుల నడవడి మంచిదైనంతనే క్రీస్తు పునరుత్థానము రుజువు కాదు. చెడ్డదైనంతనే అబద్ధమును కాదు. అది వేరుగా విచారింపవలసిన విషయము. కాని నడవడి లేని సాక్షి మాటను వినుటకు ఎవరు కూర్చుందురు? జాషువ మనలను కూర్చుండబెట్టినాడు. నా మిత్రుడు ఇప్పుడు ‘క్రీస్తు చరిత్ర’ కూడ వినిపింపుమనుచున్నారు. నమ్ముటకు కాదు, విచారించుటకు.