ఎముకల కొలతలూ, ఒక విలోమ మాత్రికా

ఇంటర్లో మాత్రికలు చదివినవాళ్లకు విలోమం కనుక్కోవడం ఎంత విసుగో గుర్తుండే ఉంటుంది. ఇదంతా దేనికని అడిగితే, పరీక్షలో వస్తుందనేదే చాలాసార్లు జవాబు. సదుం చుట్టుపక్కల ఊళ్లనుంచి పుంగనూరు, మదనపల్లె, కుప్పం కాలేజీలకు వెళ్లి ప్రాజెక్టులు చేసే పిల్లలకు, ఒక తెలుగు విద్యార్థి మాత్రికలతో చేసిన పనిని దగ్గరగా చూపిద్దామని ఈ పరిచయం.

ఆ విద్యార్థి కల్యంపూడి రాధాకృష్ణారావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఆయన చదువుకున్న ఊళ్లు. 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1946లో అక్కణ్ణుంచి కేంబ్రిడ్జి వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో 1911–14 మధ్య హెన్రీ వెల్‌కమ్ తవ్వించిన పాత శ్మశానపు ఎముకలు అక్కడికి చేరి ఉన్నాయి. తవ్వకంలో బయటపడ్డవాళ్లు 3,000 మందికి పైనే, కానీ చాలా ఎముకలు విరిగి ముక్కలైపోయాయి. వీళ్లు ఏ జనానికి దగ్గరివాళ్లు? ఇదీ ఆయన ముందున్న ప్రశ్న.

దగ్గర, దూరం అన్నది కొలతల్లో ఎలా చెప్పాలి? పుర్రె ఎదురుగా లేదు కాబట్టి మన టమోటా తీసుకుందాం. చుట్టుకొలత, బరువు అని రెండు కొలతలు. ఒక్కోదాన్ని దాని మామూలు హెచ్చుతగ్గులతో భాగించి ఒకే ప్రమాణంలోకి తెచ్చాం, రెంటికీ సహసంబంధం 0.8 అనుకుందాం. ఒక రకం కాయ ఇంకో రకం కంటే రెండు కొలతల్లోనూ ఒక్కో ప్రమాణం ఎక్కువుంటే, దూరం వర్గం 1+1, అంటే 2. చుట్టుకొలత ఒక ప్రమాణం ఎక్కువై, బరువు ఒక ప్రమాణం తక్కువైనా అదే 2. కానీ మదనపల్లె మండీలో ఎవరిని అడిగినా చెబుతారు: పెద్దకాయ బరువుండటం వింత కాదు, పెద్దదై తేలిగ్గా ఉంటే లోపల గుల్ల. సహసంబంధపు మాత్రికకు విలోమం కట్టి, తేడాల అడ్డువరసకూ నిలువువరసకూ మధ్యలో పెట్టి గుణించండి. మొదటి దూర వర్గం 1.11కి తగ్గుతుంది, రెండోది 10కి పెరుగుతుంది. విలోమంలో ప్రధాన వికర్ణానికి బయట వచ్చే రుణ గుర్తు చేసే పని ఇది. మండీలో చేతికి తెలిసిందే లెక్కకూ తెలిసొచ్చింది!

ఈ దూరాన్ని 1936లో నిర్వచించినవారు గణాంకవేత్త మహలనోబిస్. రావుగారు దానిమీద మరో ప్రశ్న వేశారు: ఇంకో కొలత చేరిస్తే నిజంగా కొత్త విషయం తెలుస్తుందా, లేక ఉన్నదే మళ్లీ చెబుతుందా? దానికి ఒక పరీక్ష కట్టారు. నాకు ఆయన పనితనం అన్నిటికన్నా ఇక్కడే కనిపిస్తుంది. కొలతలు పోగేయడం ఎవరైనా చేస్తారు, ఎక్కడ ఆపాలో చెప్పడం కష్టం. అదీ బల్లమీది లెక్కల యంత్రాలు తప్ప కంప్యూటర్లు అందుబాటులో లేని కాలంలో. 1948లో గణాంకవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తయింది. ముఖర్జీ, ట్రెవర్‌లతో కలిసి రాసిన జెబెల్ మోయా పుస్తకం 1955లో వచ్చింది.

విలోమం ఉంటేనే ఈ లెక్కంతా, అదే లేకపోతే? హిరోషిమా, నాగసాకి బాంబుల రేడియేషన్ ప్రభావంపై జపాన్‌లో సేకరించిన వివరాలు 1954లో ఆయనకు అందాయి. సమీకరణాలు రాస్తే నిర్ధారకం సున్నా. పాఠ్యపుస్తకం ప్రకారం విలోమం లేదు, లెక్క అక్కడితో సరి. ఆయన విలోమం పని చేసిపెట్టే మరో మాత్రికను తయారుచేసుకుని 1955లో ప్రచురించారు (అదే ఏడు ఇంగ్లండులో గణితవేత్త పెన్రోజ్ వేరే దారిలో ఇలాంటిదే రాశారు). 1962కల్లా నియమం ఒక్క వాక్యమైంది: అసలు మాత్రిక పేరు ‘ఏ’ అనుకుంటే, ‘ఏ’, ‘జి’, ‘ఏ’ వరసగా గుణిస్తే మళ్లీ ‘ఏ’ వచ్చే ‘జి’ అనే మాత్రిక ఏదైనా చాలు. అలాంటివి ఎన్నో ఉంటాయి. ఏది వాడినా, ఆ వివరాలనుంచి చెప్పగలిగినంత అంచనా మారదు. మారిందంటే, ఆ సంగతి చెప్పే శక్తి వివరాలకే లేదని అర్థం. ఎస్.కె. మిత్రతో కలిసి 1971లో దీనిమీద ఏకంగా పుస్తకమే రాశారు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఈ రోజుల్లో ప్రాజెక్టులు చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో మొదలై ప్రశ్న కోసం వెతుక్కుంటాయి. మీరు తిరగేసి చేయండి. రెండు రకాల విత్తనం, ఒక్కోదాని నుంచి 50 కాయలు, ఒక తక్కెడ, ఒక వెర్నియర్: ఎత్తు, అడ్డం, బరువు కొలిచి, ఆ మూడింటి సహసంబంధపు మాత్రికకు విలోమం ఒక్కసారైనా చేత్తో కట్టండి. కంప్యూటర్ తరవాత ఎలాగూ ఉంది.