దీపపు వేళ కీర్తన

తెలుగు క్రైస్తవ గృహములలో దీపము పెట్టిన పిమ్మట ఇంటిల్లిపాదియు చాపపై కూర్చుండి, ఒక పాట పాడి, ఒక కీర్తన చదివి, పెద్దలు ప్రార్థింపగా పిల్లలు ‘ఆమేన్’ అని లేచుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ వేళ తరచుగా వినబడునది దేవుని కాపుదలను పలుకు 91వ కీర్తన. దూరప్రయాణమునకు ముందు, శస్త్రచికిత్సకు ముందు, పరీక్షకు బయలుదేరు బిడ్డ తలపై చేయి ఉంచి, మనవారు దానినే ఆశ్రయింతురు. అక్షరము రాని అవ్వలకు సైతము అది కంఠస్థము.

అపవాదికి కూడ అది కంఠస్థమే. ప్రభువును దేవాలయ శిఖరముపై నిలిపి, క్రిందికి దుముకుమని పురికొల్పుచు వాడు వల్లించినది ఈ కీర్తనలోని మాటలనే యని మత్తయియు లూకాయు వ్రాసిరి. దేవుని విడిచి భద్రతను మాత్రము చేతబట్టుకొన జూచిన ప్రతి వేళను మనము నిలిచియున్నది ఆ శిఖరముపైననే యని నేను నమ్ముదును. ప్రభువు దుముకలేదు, తండ్రి తోడుగా ఉన్నాడని ఎరిగినవానికి ఆ తోడును పరీక్షించి చూడవలసిన అగత్యము లేదు.

మా తండ్రిగారు కీర్తనలను ఏరి చదువుటకు ఒప్పుకొనెడివారు కారు. మొదటినుండి వరుసగా, రాత్రికొకటి చొప్పున చదివి (దీర్ఘమైన 119వ కీర్తనను మాత్రము పలు రాత్రులకు పంచెడివారు), 150 ముగియగనే మరల మొదటికి వచ్చెడివారు. నూనె మరకలు పడిన ఆ పుటలపై వారి చూపుడువ్రేలు పంక్తి వెంట మెల్లగా సాగుచుండెడిది. 88వ కీర్తన వచ్చిన రాత్రి పిల్లలమైన మాకు భయము కలిగెడిది. ఏలయన తక్కిన విలాపములు చాలవరకు చివర ఏదో ఒక ఆశవైపు తిరుగగా, అది చీకటిలోనే ముగియును. తండ్రిగారు దానిని కూడ ఎప్పటి స్వరముతోనే చదివి, గ్రంథము మూసి, మోకరించెడివారు. దేవుని ముఖము మరుగైనదని విలపించు ఆ కీర్తనకారుడు సైతము ఆ ముఖమువైపే తిరిగి మాటలాడుచున్నాడని పెద్దయిన తరువాత గాని నాకు బోధపడలేదు. ఆ వరుసలో 89వది కృపాగానముతో మొదలై, ఆ కృప ఏమైనదను ప్రశ్నకు దిగును. 90వది మోషే ప్రార్థన, నరుని ఆయువు గడ్డివలె వాడునని చెప్పును. 91వది ఆ పిమ్మటనే.

దేవుని కాపుదలను కోరుకొనుట నేటిది కాదు. 1979లో యెరూషలేము నానుకొని హిన్నోము లోయ అంచున, గాబ్రియేల్ బర్కాయ్ అను పురావస్తు పండితుడు జరిపించిన త్రవ్వకములలో ఒక ప్రాచీన సమాధియందు రెండు వెండిరేకుల చుట్టలు దొరికినవి. చిన్నది విప్పిన తరువాతను నిండ నాలుగు సెంటీమీటర్ల పొడవు లేదు. క్రీస్తునకు పూర్వము సుమారు 600 ఏండ్ల నాటి ఆ రేకులపై గీయబడియున్నది అహరోను ఆశీర్వచనము, అనగా నేటికిని ఆరాధన ముగింపున అయ్యగారు చేతులెత్తి పలుకు దీవెనయే. ఎవరో దానిని మెడలో ధరించి, దానితోనే సమాధికి చేరియుందురు. రేకు మరణమును ఆపలేదనుట నిజమే. కాని ఆ దీవెన కాపుదలతో ఆగక, దేవుని ముఖకాంతిని, కరుణను, సమాధానమును కూడ కోరుచున్నది గనుక, దానిని ధరించినవారిని మూఢులని తీసివేయుటకు నాకు మనసొప్పదు.

భద్రతకంటె దేవుని తోడే మిన్న యనుటకు నాకు తుదిప్రమాణము నిర్గమకాండము 33వ అధ్యాయము. జనులు బంగారు దూడను చేసిన పిమ్మట దేవుడు మోషేతో, వాగ్దానదేశము నిత్తును, ముందుగా దూతను పంపి శత్రువులను వెళ్లగొట్టుదును, కాని నేను మీతో రానని పలికెను. లోకము భద్రత యని పిలుచు సమస్తమును అందున్నది: భూమి, విజయము, దారి చూపువాడు. మోషేకు అది చాలలేదు. నీ సన్నిధి రానియెడల మమ్మును ఈ యెడారినుండి కదల్పవలదని వేడుకొనెను; నీవు తోడుగా నడచుటచేత గాక, నీ కటాక్షము మాకు కలిగినదని మరి దేనివలన తెలియునని అడిగెను. దూడ చుట్టు నాట్యమాడిన జనులకే ఆ తోడు అనుగ్రహింపబడినది. అది వారి యోగ్యతకు వచ్చిన కూలి కాదు. పౌలునకును భద్రత కాక ఆ తోడే దొరికెను: ముమ్మారు వేడుకొన్నను అతని శరీరములోని ముల్లు తొలగలేదు. కృప చాలునను ఉత్తరము మాత్రము దొరికినది, దానితోనే అతడు సంతోషించెను. మోషేయైతే, నా సన్నిధి నీకు తోడుగా వచ్చునను మాట దొరికిన పిమ్మటను ఊరకుండలేదు. నీ మహిమను నాకు చూపుమని ఇంకను అడిగెను.