బంగారం కింద జిగురు

తుళ్లూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో పెద్దవాళ్లు కళ్లారా చూసిన విల్లు యుద్ధానిది కాదు, నూర్‌బాషాలు దూది ఏకే విల్లు. పేగు నారి మీద చెక్క గుండుతో కొడుతుంటే ముద్దకట్టిన పత్తి పొరలు పొరలుగా విచ్చుకునేది. దానికి నగిషీ ఉండదు. నారి తెగితే కొత్తది కట్టుకోవడమే. నల్లమల చెంచుల వెదురు విల్లుకూ పెద్ద వైద్యం అక్కర్లేదు. బాగుచేయడమే ఒక విద్య అయ్యేది మూడో రకం దగ్గర: కర్రనూ కొమ్మునూ నరాన్నీ జిగురుతో ఒకటి చేసి, పైన రంగులూ బంగారమూ అద్దిన విల్లు.

మొగలులు, దక్కను సుల్తానులు వాడిన కమాను ఇదే. నారి విప్పితే రెండు కొసలూ ఎండ్రకాయ డెక్కల్లా ఎదురువైపుకి ముడుచుకుపోతాయి. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో మన దేశపు కమానులు ఇలా ముడుచుకునే కనిపిస్తాయి. మొగలుల కన్నా ముందే, 1515లో కొండవీడు పట్టుకున్న కృష్ణదేవరాయల కొలువులో, మహర్నవమి సంబరాల సైనిక కవాతు చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, విలుకాళ్ల చేతుల్లో బంగారు, వెండి రేకులు తొడిగిన విళ్లున్నాయని రాసుకున్నాడు. అవి లోపల ఏ తీరున కట్టినవో ఆయన చెప్పలేదు. జిగురుతో కట్టిన విల్లుకైతే మొదటి శత్రువు తేమ.

విలుకాడి వైపు గేదె కొమ్ము పలక ఉంటుంది, వంచినప్పుడు నొక్కుడుకి అది తట్టుకుంటుంది. గురి వైపు, పశువుల కాళ్ల నరాలను ఎండబెట్టి, దంచి, పోగులుగా చీల్చి, జిగురులో ముంచి పరుస్తారు; సాగుడుకి ఇవి తట్టుకుంటాయి. మధ్యలో సన్నటి కర్ర. మూడింటినీ పట్టి ఉంచేది తోళ్లూ నరాలూ ఉడికించి తీసిన జిగురు, అంటే పాత వడ్రంగులు వజ్రమని పిలిచిన బంక. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గుళ్లకూ విగ్రహాలకూ చెప్పిన లేపాల్లో ఆవు, గేదె, మేక కొమ్ములూ, తోళ్లూ, వేప, వెలగ రసాలూ కలిపి కాచేది ఒకటుంది. జంతువు ఒంటి నుంచి బంక తీయడం మనకు అంత పాత విద్య.

ఈ జిగురు నీళ్లకు లొంగుతుంది. అందుకే నరాల మీద భూర్జపత్రం గానీ పల్చటి తోలు గానీ అతికిస్తారు. రంగు, బంగారం, వార్నిష్ ఆ పైన వస్తాయి. చూసేవాళ్లకు అది అలంకారం, విల్లుకు మాత్రం వానకోటు. దాన్ని విప్పాలనుకునేవాడు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఎలా విప్పాలని కాదు, విప్పడం తప్పదా అని. పొర కింద నరాలు ఊడినా, పురుగు పట్టినా, ఎవరో అడ్డదిడ్డంగా అతికించిన పాత మరమ్మతు విల్లును లాగేస్తున్నా తప్పదు. రంగు మాసిందని మాత్రం విప్పకూడదు. పాత విల్లుకు నారి ఎక్కించి చూడటం అంతకన్నా తప్పు.

ఇక చేతి పని. ముందు దీపాన్ని పక్కనుంచి పట్టి చూస్తే ఎక్కడ లేచిందో నీడ చెబుతుంది. లేచిన అంచు దగ్గరే మొదలుపెట్టాలి. వెదురుతో చెక్కిన పల్చటి గరిటె వంటిది లోపలికి జారుతున్నంత వరకూ తడి అక్కర్లేదు. ఆగిపోయిన చోట తడి అద్దుడు కాగితం కొద్ది నిమిషాలు ఉంచుతారు. నీళ్లు పారకుండా ఇప్పుడు మ్యూజియం వాళ్లు మిథైల్ సెల్యులోజ్ గుజ్జు వాడుతున్నారు. ఎండిన జిగురు నీళ్లు తాగి ఉబ్బుతుంది, గోరువెచ్చదనం తగిలితే జారుతుంది. వేడినీళ్లు మాత్రం తాకించకూడదు. తడిసిన నరం అరవై డిగ్రీలు దాటితే ముడుచుకుపోతుంది, పాతబడిన నరం ఇంకా ముందే. ఒకసారి ముడుచుకుంటే మళ్లీ సాగదు.

పొర లేచాక అడుగున మిగిలిన జిగురును, పుల్లకు చుట్టిన దూదిని తడిపి గట్టిగా పిండి, ఒక్కో వేలెడు మేర తుడుస్తారు. గుంటూరు పత్తికి ఇదీ ఒక ఉపయోగమే. తుడుపు, గీకుడు ఏదైనా పోగుల వెంబడే సాగాలి, అడ్డంగా పోతే నరం లేస్తుంది. మొండి చోట్ల ఆల్కహాల్ చుక్క వేస్తే జిగురు తేమ పోయి పెళుసై రాలుతుంది. కానీ అదే చుక్క పక్కనున్న లక్క వార్నిష్‌ను కరిగిస్తుంది, కాబట్టి కంటికి కనపడని మూల పరీక్షించాకే. ఊడిన ప్రతి ముక్కనూ ఎక్కడిదో రాసి కాగితంలో చుట్టి పెడతారు.

అసలు చిక్కు వేరే. తీసేయాల్సిన జిగురు, విల్లును నిలబెడుతున్న జిగురు ఒకటే. రెంటి మధ్య గీత కనపడదు. దూదికి పసుపు మరక తగ్గి, సన్నటి పీచు అంటుకోవడం మొదలైందంటే చెయ్యి ఆగాలి. నా దృష్టిలో ఈ పనిలో నైపుణ్యమంతా ఆ ఆగడంలోనే ఉంది, మిగతాది ఓపిక ఉన్నవాడెవడైనా నేర్చుకోగలడు. ఆగాక కొమ్ము లేవకుండా నూలు పట్టీ చుట్టి నీడన ఆరబెడతారు. తుళ్లూరు మేనెల ఎండలో పెడితే పైపొర ముందే బిగిసి చీలుతుంది.

ఇన్ని జాగ్రత్తలు అడిగే జిగురు ఎందుకంటే, వేసినదాన్ని మళ్లీ తీయగలగడమే దాని విలువ. రేపు నా కన్నా బాగా తెలిసినవాడు వస్తే నా మరమ్మతును తడి గుడ్డతో చెరిపేసి మొదలుపెట్టవచ్చు. 1959లో వచ్చిన ఫెవికాల్ మన వడ్రంగుల దగ్గర కాచే జిగురును పక్కకు నెట్టింది. కొత్త బీరువాకు అది చక్కటి సరుకే. పాత విల్లు మీద పడితే ఉబ్బి పాలరంగుకు తిరుగుతుందే తప్ప సాంతం ఊడదు. ఎపాక్సీ ఇంకా మొండిది. విజయవాడలో వెన్నం జ్యోతి సురేఖ లాంటి పోటీ విలుకాళ్లు పట్టే కాంపౌండ్ విల్లు లోహం, ఫైబర్ సరుకు. అక్కడ ఎపాక్సీ తన చోట తానున్నట్టే. నరం మీద పడినదాన్ని మాత్రం భూతద్దం కింద పొడిగా, పొరపొరగా గీకాలి. ఆ గీకుడులో నరం కూడా పోయేట్టుంటే దాన్ని అలాగే వదిలేసి, ఫలానా చోట ఎపాక్సీ ఉందని చీటీ రాసి విల్లుతో పాటు పెట్టడమే సరైన పని.